పేరు రాయని చీటీ

"బీరువా తాళం ఇయ్యను. ఇంక నూరుసార్లు అడిగినా ఇయ్యను," అన్నాడు రామానుజం. అద్దంలో చూస్తూ నామం దిద్దుకుంటున్న ఆయన చెయ్యి ఇసుమంతైనా చలించలేదు.

సూర్యప్రభ వంటింటి గడపలో నిలబడి ఉంది. శనివారం ఆమె కాలేజీ నుంచి తెచ్చిన డబ్బాను, ఇంకా విప్పకముందే, ఆయన బీరువాలో పెట్టి తాళం వేశాడు. నిన్న మధ్యాహ్నం నుంచి మామగారిని అడగడం ఇది నాలుగోసారి.

"మామయ్యా, ఆ డబ్బా నాది గాదు. పిల్లలది. ముప్పై ఎనిమిది మంది నన్ను నమ్మి అందుల పేరు రాయకుండ ప్రశ్నల చీటీలు ఏసిన్రు. నేను తప్ప ఇంకెవ్వరు చూడరని మాటిచ్చిన."

"నేను గూడ మాటిచ్చిన. ప్రహ్లాద్ సేటుకు, గుళ్లె, సామి ఎదురుంగ. తొమ్మిదింటికి ఇంటికొస్తడు. డబ్బా ఆయన చేతుల పెడ్త."

"ఆయనేం చేస్తడంట?"

"కాలేజీ కమిటీ ముందల పెడ్తడంట. చేతిరాతను బట్టి, ఎవరెవరు ఏమేం అడిగిన్రో వాళ్ల అమ్మానాయనలను పిలిచి చూపిస్తడంట." రామానుజం అప్పుడు వెనక్కి తిరిగాడు. "ఆడపిల్లలతోని, మొగపిల్లలతోని చేతులు కలిపించి రోగం ఆట ఆడించినవంట! జహనుమా బస్తీ అంత అదే లొల్లి. గిదేం చదువమ్మా? నువ్వు చెప్పాల్సింది జువాలజీ గదా!"

"ఎట్ల ఆడించిన్నో ఆయన చెప్పిండా మీకు?"

రామానుజం నామాల పెట్టెకు మూత పెట్టాడు.

"ఆటకని అందరికి ఒక్కో చీటీ ఇచ్చి, ముగ్గురి చీటీల వెనుక చిన్న చుక్క పెట్టిన. వాళ్లకే తెల్వదు. అందరు లేచి, ఒక్కొక్కరు ముగ్గురితోని చెయ్యి కలిపిన్రు. చెయ్యి కలిపితే హెచ్ఐవీ రాదని మొదలే చెప్పిన. ఆఖర్ల లెక్క చూస్తే ఆ ముగ్గురి నుంచి ఇరవై మందికి పైన అంటినట్టు తేలింది. ఎవరి మొఖం మీద ఏం రాసుండదు బిడ్డా, అడుగుడు నేర్చుకోవాలె, వద్దనుడు నేర్చుకోవాలె అని చెప్పేటందుకు ఆడించిన ఆట అది. తప్పా?"

"తప్పో ఒప్పో కమిటీ చెప్తది," అని రామానుజం పూజగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఆయన తాతల కాలం నుంచీ ఆ గుడి సేవ ఆ ఇంటిదే. ఇప్పుడు గుడి కమిటీలోనూ, కాలేజీ కమిటీలోనూ పెద్ద ప్రహ్లాదే.

ముందుగదిలో సూర్యప్రభ భర్త శ్రీపాద పేపరు చూస్తున్నాడు. చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. "మీరొక్క మాటన్న అనరా?"

శ్రీపాద పేపరు మడిచాడు. లోపలికి వెళ్లి, చొక్కా జేబులోంచి ఏదో తీసి తెచ్చి, ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. బీరువా రెండో తాళంచెవి.

సూర్యప్రభ దాన్ని చూసింది. మొగుణ్ణి చూసింది.

"ఇది నిన్నటి సంది మీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది."

"నిన్నంత నేను బతిమాలుతుంటె విన్నరు గదా. ఎందుకియ్యలే?"

 శ్రీపాద ఆఫీసు సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగిపోయాడు. పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆయన ఏనాడూ ఇంత పొద్దున, ఎనిమిదింటికే ఇల్లు దాటలేదు.

ఆమె బీరువా తెరిచి, డబ్బా తీసుకుని వంటింట్లో కింద కూర్చుంది. మూతకు సన్నగా కోత కోసిన పాత బిస్కెట్ డబ్బా అది. మూత తీసి చీటీలన్నీ కొంగులో పోసుకుంది.

'దోమ కుడితే వస్తదా మేడమ్?' 'ఒకే గ్లాసుల నీళ్లు తాగితే?' 'పాజిటివ్ ఉన్నోళ్లు పెళ్లి చేసుకోవచ్చా, పిల్లలు మంచిగ పుడ్తరా?' 'ఇష్టమైన మనిషికి వద్దని ఎట్ల చెప్పాలె, కోపం రాకుండ?' ఆ చివరిది చదివి ఆమెకు నవ్వూ, జాలీ రెండూ వచ్చాయి. 

ఇరవయ్యో చీటీయో, ఇరవై ఒకటోదో విప్పింది. కావాలని వంకరటింకరగా రాసిన పెద్ద అక్షరాలు.

'నిన్న సాయంత్రం ఆరింటికి జిమ్‌ల, ఇంకొకాయన వాడిన సూదితోని కండలకని ఇంజెక్షన్ ఏసుకున్న. ఆయనకు హెచ్ఐవీ ఉన్నదని రాత్రి తెలిసింది. ఇంట్ల చెప్పలేను. నేను చస్తనా?'

సూర్యప్రభ ఆ చీటీని రెండుసార్లు చదివింది. 

చీటీలు వేసింది శనివారం. నిన్న అంటే శుక్రవారం. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి డెబ్బై రెండు గంటలు. హెచ్ఐవీ అవగాహన శిక్షణలో డాక్టరు చెప్పిన మాట చెవుల్లో మోగింది. ఇట్లాంటిది జరిగితే మూడు రోజుల లోపల మందు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మూడు రోజులు దాటితే లాభం ఉండదు అని. ఆ సంగతి శనివారమే చెప్పాల్సింది. టైం చాలక తరువాతి క్లాసుకని పక్కన పెట్టింది.

ఈ రోజు సోమవారం. గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై.

నిన్నే ఈ డబ్బా తన చేతుల్లో ఉండి ఉంటే!

"అభీ!" అని కేకేసింది. కూతురు అభిజ్ఞ జడ అల్లుకుంటూ వచ్చింది. అదే కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం, అదే క్లాసు. 

"మీ క్లాసు గ్రూపుల నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు. ఎవరికోసమని అడగకు."

అభిజ్ఞ తల్లి మొహం చూసి ఫోను తీసింది. సూర్యప్రభ చెప్పసాగింది: "శనివారం చీటీల్ల ఒక ప్రశ్నకు జవాబు ఇయ్యాల్నే కావాలె. వేరే వాళ్లు వాడిన సూదితోని భయం పట్టుకున్నోళ్లు ఎవరైనా సరే, మందు ఉన్నది. గని మూడు దినాల లోపల్నే. సాయంత్రం దాక ఆగొద్దు, ఇప్పుడే రావాలె. అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖాన గేటు దగ్గర నేనుంట. ఎవరి పేరు ఎవ్వరికి చెప్పను."

టైపు చేస్తున్న అభిజ్ఞ వేలు ఆగింది. "అమ్మా, ఈ గ్రూపుల నిఖిలేష్ గూడ ఉన్నడు. ప్రహ్లాద్ సేటు చిన్నకొడుకు. వాళ్ల బాపుకు చూపిస్తే?"

"చూపిస్తే చూపియ్యనీ. పెట్టు."

మెసేజ్ వెళ్లింది. సూర్యప్రభ పొయ్యి వెలిగించింది. చీటీలను పిడికెడు పిడికెడుగా మంట మీద పెట్టింది. అన్నీ బూడిదయ్యాక డబ్బాకు మూత పెట్టి, పూజగది ముందు గుమ్మం దగ్గర ఉంచింది.

*

ప్రహ్లాద్ చెప్పిన టైముకే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, వేళ్లకు ఉంగరాలు. అఫ్జల్‌గంజ్‌లో తాళ్లు, టార్పాలిన్ల హోల్‌సేల్ దుకాణం ఆయనది, తాతలనాటిది. మజ్జిగ ఇస్తే వద్దన్నాడు.

గుమ్మం దగ్గరున్న డబ్బా చూసి, కోడలే దారికొచ్చి తీసి పెట్టిందనుకున్న రామానుజం దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ప్రహ్లాద్ దాన్ని ఊపి చూశాడు. మూత తీశాడు. 

"అయ్యగారూ, ఇందుల ఏం లేదు."

రామానుజం కోడలి వైపు చూశాడు.

"చీటీలు పొయ్యిల ఏసిన సేటూ," అంది సూర్యప్రభ. "మా మామయ్యకు తెల్వదు. తప్పుంటే నాది."

  రామానుజం నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కసారిగా ఎనభై ఏళ్లవాడిలా కనబడ్డాడు.

"మంచిగ చేసిన్రు మేడమ్," అన్నాడు ప్రహ్లాద్, గొంతు పెంచకుండా. "ఇజ్జతున్న ఇండ్ల పిల్లలు వస్తరు మన కాలేజీకి. మీరు గిసువంటియి నేర్పుడు, మళ్ల చీటీలు కాలబెట్టి సబూతు లేకుండ చేసుడు. ఇయ్యాల్టి సంది మీరు క్లాసుకు పోవద్దు. ప్రిన్సిపాల్ సాబ్‌కు నేను చెప్త."

"మీ ఇష్టం సేటూ. గని పిల్లలకు భయం ఉన్నది. ఆ భయం ఇంట్ల చెప్పుకోలేక చీటీల రాసుకుంటున్నరు. అది జర ఆలోచించుండ్రి."

"భయం ఎవరు పెట్టిన్రు? మీరే గదా!" ఇప్పుడు ప్రహ్లాద్ గొంతు పగిలింది. "నా చిన్నోడు మీ క్లాసుల్నే ఉన్నడు. మూడు దినాల సంది బువ్వ తింటలేడు. ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. వాళ్లమ్మ పరేషానై ఏడుస్తున్నది. ఏం నూరిపోసిన్రు నా కొడుకు నెత్తిల?"



"మూడు దినాలా? క్లాసయ్యి రెండు దినాలే గదా సేటూ," అంది సూర్యప్రభ.

"ఏమో... శుక్రవారం రాత్రి సందే. జిమ్ముకెళ్లి వచ్చి సీదా పోయి పండుకున్నడు." ప్రహ్లాద్ ఆగాడు. తను ఏం చెప్పాడో, ఆమె ఎందుకంతలా చూస్తోందో ఆయనకు అర్థం కాలేదు. "ఎందుకడుగుతున్నరు?"

ఇప్పుడు నోరు విప్పితే చాలు. 'మీవాడిని వెంటనే దవాఖానకు తీస్కపోండ్రి' అంటే చాలు. ఈ మనిషి కొడుకు కోసం పరుగెత్తుతాడు, సందేహం లేదు. కానీ దారిలో ఆ పిల్లవాణ్ణి ఏం చేస్తాడు? ఆ పిల్లవాడు తనకు తాను ఏం చేసుకుంటాడు? 'ఇంట్ల చెప్పలేను' అని రాసినవాడు. పైగా ఆ చీటీ అతనిదేనని తనకు రుజువేముంది?

"ఊరికెనే అడిగిన," అంది.

ఆ అబద్ధం నోట్లోనే చేదుగా ఉండిపోయింది.

ప్రహ్లాద్ వెళ్లిపోయాక రామానుజం కోడలి మొహం చూడకుండానే అన్నాడు. "ఈ ఇంట్ల నా మాట పోయింది. నలభై ఏండ్ల మాట."

"మామయ్యా, మీ మాట పోయినందుకు మీ కాళ్లు మొక్కుత. గని నా మాట పోతే ఒక ప్రాణం పోయేటట్టున్నది. సాయంత్రం ఆరైనంక అన్ని చెప్త."

 ఆమె సంచి తీసుకుని మెట్లు దిగింది.

*

దవాఖాన గేటు దగ్గర ఎండ మండిపోతోంది. అరటిపండ్ల బండి నీడలో నిలబడి సూర్యప్రభ వచ్చేపోయే ప్రతి పిల్లవాడి మొహం చూస్తోంది.

లోపల డాక్టరమ్మను కలిసి వచ్చింది. "సాయంత్రం ఆరు దాకా అని నిమ్మళంగా ఉండకండి. ప్రతి గంట లెక్కే," అందావిడ. "అతను రావాలి. మీరు మందు తీసుకెళ్లి ఇచ్చేది కాదు. రక్తపరీక్ష చెయ్యాలి."

పన్నెండింటికి ప్రిన్సిపాల్ ఫోను చేశాడు. "మేడమ్, ఓ వారం లీవ్ పెట్టండి. తరువాత చూద్దాం." ఆమె సరేనని పెట్టేసింది.

ఒంటిగంటకు కూతురి ఫోను. "అమ్మా, మెసేజ్ అందరు చూసిన్రు. నిఖిలేష్ గూడ చూసిండు. గని కాలేజీకి రాలే."

"మళ్ల పెట్టు. అదే మెసేజ్."

రెండయింది. మూడయింది. అభిజ్ఞ పంపిన నిఖిలేష్ నంబరు ఫోనులో ఉంది. రెండుసార్లు వేలు ఆ నంబరు దాకా తెచ్చి ఆపుకుంది. తనంతట తను ఫోను చేస్తే, చీటీ ఎవరిదో కనిపెట్టానని చెప్పినట్టే. అప్పుడు ఫోను ఆపేసి ఎటైనా వెళ్లిపోతే? చెయ్యకుండా ఉంటే ఆరు దాటిపోతుంది. నాలుగున్నర దాకా చూస్తాను, ఆ తరువాత మాట తప్పినా సరే, అనుకుంది. 

నాలుగూ ఇరవైకి ఒక పిల్లవాడు హెల్మెట్ తియ్యకుండానే వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మేడమ్."

హెల్మెట్ లోపలి కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. నిఖిలేష్.

"పొద్దుగాల్నుంచి మూడుసార్లొచ్చి మళ్లి పోయిన మేడమ్. మీరు నిలబడ్డది చూసిన. రాబుద్ధి గాలే."

"వచ్చినవు గదా. అదే చాలు. నడువు," అని సూర్యప్రభ అతని మోచెయ్యి పట్టుకుంది. 

లోపల డాక్టరమ్మ అడిగినవాటికి తల వంచుకుని జవాబులు చెప్పాడు. జిమ్‌లో మహేష్ అని ఒకతను తన ఇంజెక్షన్ వేసుకుని సూది పక్కన పెట్టాడట. వీళ్లు చూసుకోకుండా అదే తీసుకున్నారట. రాత్రి ఆ సంగతి తెలిసి మహేషే పరుగున వచ్చి, ఏడుస్తూ, 'నాకున్నది భాయ్, పోయిన నెల్నే గోలీలు మొదలు పెట్టిన, నువ్వు పోయి చూపించుకో' అన్నాడట.

"మంచిపని చేశాడా అబ్బాయి. చెప్పకుంటే మీకు తెలిసేదే కాదు," అంది డాక్టరమ్మ. రక్తం తీయించింది. పక్క కిటికీలో గోలీలు ఇప్పించి మొదటిది తన ఎదుటే మింగించింది. "ఇరవై ఎనిమిది రోజులు. ఒక్కరోజు కూడా మానొద్దు. తరువాత మళ్లీ పరీక్షలకు రావాలి. భయపడకు. టైములోనే వచ్చావు."

నిఖిలేష్ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. భుజాలు కొంచెం దిగాయి. మూడు రోజుల్లో అతను మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు కనబడ్డాడు సూర్యప్రభకు.

డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ తలెత్తకుండా అడిగింది. "ఇందాక 'మేము తీసుకున్నం' అన్నావు కదా. ఇంకెవరు?"

నిఖిలేష్ గోలీల సీసా మూత బిగిస్తూ కూర్చున్నాడు.

"బాబూ, నిన్నే. ఆ సూది ఇంకెవరు వాడారు?"

నిఖిలేష్ సూర్యప్రభ వైపు చూశాడు. 

"మా అన్న మేడమ్. ప్రణీత్ అన్న. నాకన్న ముందు అన్ననే ఏసుకున్నడు."

"నువ్వు చెప్పినవా ఆయనకు?" అంది సూర్యప్రభ.

"లేదు మేడమ్. ఎట్ల చెప్పాలె? వదినె కడుపుతోని ఉన్నది. అయిదో నెల."

డాక్టరమ్మ కలం కింద పెట్టి గడియారం చూసింది. అయిదూ పది.

"ఎక్కడున్నారు మీ అన్న?"

"దుకాణంల. ఇక్కడికి పది నిమిషాలు గూడ పట్టదు."

"ఫోను చెయ్యి."

చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. సరుకు దిగే వేళ, వినబడి ఉండదు. మూడోసారి కూడా అంతే.

"నేను ఆరున్నర దాకా ఇక్కడే ఉంటాను," అంది డాక్టరమ్మ. "కానీ మందు పనిచేస్తుందన్న భరోసా ఆరు దాకే. ఇంకో సంగతి, మీ వదినకు కూడా తెలియాలి. ఇది ఆవిడ ఒంటి సంగతి, కడుపులో బిడ్డ సంగతి."

వసారాలోకి వచ్చాక సూర్యప్రభ ఆగింది. "నిఖిలేష్, నీ సంగతి నీదే. నువ్వు సరే అంటే తప్ప నేను నోరు విప్పను. గని మీ అన్న దగ్గరికి ఎవరో ఒకరు ఇప్పుడే పోవాలె."

"దుకాణంల బాపు ఉంటడు మేడమ్."

"ఉంటడు."

"సంపుతడు."

ఆమె ఓదార్చలేదు. తొందరపెట్టనూ లేదు. వీల్‌చెయిర్ ఒకటి పక్కనుంచి కిర్రుమంటూ పోయింది. నిఖిలేష్ గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ కొద్ది క్షణాలు సూర్యప్రభకు పొద్దుటి నుంచి నిలబడ్డ ఎండకన్నా ఎక్కువ బరువనిపించాయి.

"నేనే చెప్త," అన్నాడు చివరికి. "మీరు జర పక్కన ఉండుండ్రి మేడమ్. అంతే చాలు."

*

ఇద్దరూ దాదాపు పరుగెత్తినట్టే నడిచారు. హమాలీలు, తోపుడుబండ్లు, అడ్డంగా ఆగిన ట్రాలీ ఆటోలు. దుకాణం ముందు లారీ నుంచి టార్పాలిన్ కట్టలు దిగుతున్నాయి.

గద్దె మీద కూర్చున్న ప్రహ్లాద్ మొదట కొడుకును చూశాడు. తరువాత అతని వెనకాల ఎవరున్నారో చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఏందిరా? ఈమెతోని ఎందుకు తిరుగుతున్నవ్?" ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, పొద్దుగాల చెప్పింది సమజ్ గాలేదా? ఇప్పుడు నా దుకాణం దాక ఒస్తిరా?"

సూర్యప్రభ తల తిప్పి చూసింది. గోడ మీద గడియారం అయిదూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

"బాపూ, అన్న ఎక్కడున్నడు?" అన్నాడు నిఖిలేష్.

"ముందు నేనడిగిందానికి జవాబు చెప్పు!"

"అన్నతోని పని ఉన్నది బాపూ. మీతోని తరువాత మాట్లాడ్త."

తండ్రి మాటకు అడ్డం చెప్పడం ఆ దుకాణంలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కట్ట మోస్తున్న హమాలీ కూడా ఆగిపోయాడు. ప్రహ్లాద్ చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది, ఎందుకంటే కొడుకు తల వంచలేదు.

లోపల కట్టల గుట్ట మీంచి ప్రణీత్ తొంగిచూశాడు. "ఏంది బాపూ లొల్లి?" అంటూ నిచ్చెన దిగి వచ్చాడు. కండలు తిరిగిన మనిషి, ముప్పై నిండలేదు. తమ్ముణ్ణి చూశాడు. అతని మోచేతి మడత దగ్గర అతికించిన దూది చూశాడు. పక్కన నిలబడ్డ మేడమ్‌ను చూశాడు.

నిఖిలేష్ నోరు తెరిచాడు.  "అన్నా... అన్నా, శుక్రవారం నాడు..."

ప్రణీత్ మొహంలో ఆశ్చర్యం లేదు. అది సూర్యప్రభ మొదట గమనించింది. ఆ మొహంలో ఉన్నది ఆశ్చర్యం కాదు, మూడు రోజులుగా తను ఒక్కడే మోస్తున్నాననుకున్న బరువు ఇంకొకరి మీదా ఉందని తెలిసినవాడి బెదురు. అతను పక్కనున్న కట్టను పట్టుకున్నాడు.

"తమ్మీ," అన్నాడు, దాదాపు వినబడనంత మెల్లగా. "మహేష్ నీకు గూడ చెప్పిండా?"

ప్రహ్లాద్ పెద్దకొడుకు వైపు చూశాడు. చిన్నకొడుకు వైపు చూశాడు. "ఎవడ్రా మహేష్? ఏం చెప్పిండు?"

"ఆరు లోపల దవాఖానకు పోవాలె అన్నా, నడువు," అన్నాడు నిఖిలేష్. గడియారంలో పెద్దముల్లు ఆరంకె దాటి అయిదున్నరయింది; ఇంకా అరగంట కూడా లేదు. ప్రణీత్ ఇంకా ఆ కట్టను వదల్లేదు.